దశబంధం లేని రథం

మా పెదనాన్న కారు 1988 మోడల్ అంబాసిడర్, డీజిల్ బండి. చలికాలం తెల్లవారుజామున తాళం తిప్పి, హీటర్ ప్లగ్గు వేడెక్కేదాకా వక్కాకు నములుకుంటూ లోపలే కూచునేవాడు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు మంచం మాదిరి ఒకటే పొడుగు. శింగనమల చుట్టుపక్కల ఏ పల్లెలో ఆడకూతురికి నొప్పులు మొదలైనా, ఎంత రాత్రయినా, మా వాకిట్లో ఒక గొంతు వినపడేది: "అన్నా, బండి తీయల్ల." పెదనాన్న చొక్కా వేసుకునేలోపే పెద్దమ్మ డిక్కీలోని రబ్బరు షీటు, పాత బొంత తీసి వెనక సీటు మీద పరిచేది. అనంతపురం పెద్దాసుపత్రికి ముప్పావు గంట ప్రయాణం. మరుసటి రోజు మా దొడ్లో ఆ బొంత ఉతికి ఆరేసి ఉంటే, ఎవరింట్లోనో బిడ్డ పుట్టిందని వీధికంతా తెలిసేది.

పెదనాన్న పోయిన ఏడాదికి, 2002లో, ఆ కారును ఒక అనాథ పిల్లల హాస్టలుకు దానమిచ్చాం. బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టాం, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాం, టెంకాయ కొట్టాం, పూలదండ వేశాం, ఫొటో తీయించుకున్నాం. తాళం చెయ్యి వార్డెను చేతిలో పెడుతున్నప్పుడు మా పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. పెదనాన్న పేరు నిలబెట్టామని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

నాలుగేళ్ళ తర్వాత అటు పోయినప్పుడు చూస్తే, ఆ కారు చింతచెట్టు కింద రిమ్ముల దాకా మట్టిలో దిగబడి ఉంది. వెనక సీటు మీద కోడి పొదిగింది. డిక్కీలో వంటచెరకు. "డీజిలుకు దుడ్డెక్కడిది సార్? డ్రైవరుకు జీతమియ్యల్ల, టైర్లు మార్చల్ల. పిల్లోళ్ళ బియ్యానికే చూసుకోలేక సస్తా ఉండాం" అన్నాడు వార్డెను. కారు ఊరికే వచ్చింది, సరే. దాన్ని కదిలించాలంటే మాత్రం ప్రతి కిలోమీటరుకూ పిల్లల కంచంలోంచి తీయాల్సి వచ్చింది. వాళ్ళు తీయలేదు. వాళ్ళు చేసిందే సరైన పని.

మేము ఇచ్చిన దానంలో తక్కువైందేమిటో ఆ చెట్టు కింద నాకు తట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత మా ఊరి చెరువు కట్ట మీద తట్టింది.

శింగనమల అంటే ముందు చెప్పుకోవలసింది శ్రీరంగరాయల చెరువు. విజయనగర రాజుల నాటి చెరువు, జిల్లాలో పెద్ద చెరువుల్లో ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా గట్టిగా కురవని ఈ సీమలో చెరువు తవ్వించడం కంటే గొప్ప దానం లేదని వెనకటివాళ్ళు నమ్మారు. తవ్వించి ఊరుకోలేదు కూడా. చెరువు తవ్వించినవాడికో, దాని బాగోగులు చూసేవాడికో, ఆ ఆయకట్టులో పదో వంతు భూమినో, శిస్తులో పదో పాలునో రాసిచ్చేవాళ్ళు. దాని పేరు దశబంధం. కట్ట తెగితే పూడ్చాలి, తూము చెడితే బాగుచేయాలి, ముళ్ళకంప పెరిగితే కొట్టాలి. ఈ పనులు చేసినంత కాలం ఆ మాన్యం వాళ్ళది. కడప, అనంతపురం సీమల్లో ఈ దశబంధ ఇనాములు తెల్లదొరల పాలనలోనూ నడిచాయి.

పోరుమామిళ్ళ చెరువు శాసనం చూడండి. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని ఆ రాతి మీదే చెక్కి ఉంది. మంచి చెరువుకు ఏమేమి కావాలో, ఏ దోషాలు ఉండకూడదో కూడా రాశారు. దాత పేరు ఎంత శ్రద్ధగా చెక్కారో, ఇచ్చిన వస్తువు నాలుగు కాలాలపాటు పనిచేయడానికి కావలసిన జాగ్రత్తను అంతే శ్రద్ధగా చెక్కారు.

దీపదానాలదీ ఇదే పద్ధతి. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి స్తంభాల మీద, గోడల మీద అఖండ దీపాల శాసనాలు బారులు తీరి ఉంటాయి. భక్తుడు ప్రమిద ఇచ్చి వెళ్ళిపోడు. దీపానికి ఇన్ని గొర్రెలు, ఇన్ని ఆవులు అని మందను అప్పగిస్తాడు. ఒక దీపానికి యాభై జీవాలన్నది అక్కడ తరచు కనిపించే లెక్క. మందను తీసుకున్న గొల్లబోయడు రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి. ముసలివి చస్తే పిల్లలతో మంద నిండాలి, లెక్క తగ్గకూడదు. తమిళ శాసనాలు ఇలాంటి మందను చావులేని, ముసలితనం లేని మంద అని పిలిచాయి. దీపం ఒక్కరోజు వెలిగించడానికి భక్తి చాలు. ఏళ్ళ తరబడి వెలగాలంటే నెయ్యి ఎక్కడి నుంచి వస్తుందో ముందే తేల్చాలి. ఆ సంగతి వాళ్ళకు స్పష్టంగా తెలుసు.

వాహనాన్ని దానమివ్వడమూ మనకు కొత్త కాదు. పురాణాలు చెప్పిన పదహారు మహాదానాల్లో బంగారు గుర్రాల రథం ఒకటి, బంగారు ఏనుగుల రథం మరొకటి. విజయనగర చక్రవర్తులు ఈ మహాదానాలు చేశామని శాసనాల్లో గర్వంగా చెప్పుకున్నారు. గుడికి రథం ఇచ్చినవాళ్ళు దాన్ని లాగేవాళ్ళకు, బాగుచేసే వడ్రంగికి మాన్యాలిచ్చారు. ఇక్కడికి దగ్గరే తాడిపత్రిలో చింతల వెంకటరమణ స్వామి గుడి ముందు గరుడ మండపాన్ని రాతిరథంగానే మలిచారు. చిన్నప్పుడు దాని చక్రం ఆకులు లెక్కపెడుతూ ఉంటే మా నాయన, "ఇది ఎవరూ తోలాల్సిన పని లేని రథం, అందుకే ఇన్నేళ్ళు ఉంది" అన్నాడు. కదిలే రథాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి మాట అది. ఆయన ఎద్దులబండి తోలి బతికినవాడు.

దానంలో పాతదాన్ని అంటగట్టడం గురించి మన పెద్దలు వేల ఏళ్ళ కిందటే నిలదీశారు. కఠోపనిషత్తు మొదలయ్యేదే అక్కడ. వాజశ్రవసుడు యాగం చేసి సర్వస్వం దానమిస్తున్నాడు. తోలుకొచ్చిన ఆవులు చూస్తే ఒట్టిపోయినవి, ఇక ఈనలేనివి, గడ్డి నమలడానికి పళ్ళు లేనివి. చిన్నపిల్లవాడు నచికేతుడికి అది మింగుడుపడలేదు. మరి నన్నెవరికి ఇస్తావు నాన్నా అని అడిగాడు. ఆ ప్రశ్న యముడి ఇంటిదాకా పోయింది. ఉపన్యాసాల్లో ఈ కథను ఆత్మజ్ఞానం దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ ముసలి ఆవుల దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఆ ఆవులను తీసుకుపోయిన పేద బాపడు వాటిని ఏం పెట్టి మేపాడు?

అనంతపురం మనిషికి ఈ ప్రశ్న పురాణ కాలక్షేపం కాదు. 1876 ధాత కరువు మొదలుకొని మొన్న మొన్నటి కరువుల దాకా, గడ్డి లేక ఎద్దులను తోలుకుపోయి సంతలో ఏ ధరకంటే ఆ ధరకు వదిలేసిన ఇళ్ళు ఇక్కడ ప్రతి ఊరిలో ఉన్నాయి. అమ్ముడుపోకపోతే ఊరికే ఇచ్చినవాళ్ళున్నారు. తీసుకునేవాడు దొరకడమే కష్టం, వాడి దొడ్లోనూ గడ్డి లేదు కదా. ఈ మండలంలోని తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ఈ సీమ కరువు మీదే 'పెన్నేటి పాట' కావ్యం రాశాడు. కరువులో జీవాన్ని ఇవ్వడం ఒక రకంగా మన బరువును ఇంకొకరి నెత్తిన పెట్టడమే. ఇచ్చేవాడికీ ఆ సంగతి తెలుసు, కాబట్టే తలవంచుకుని ఇస్తాడు. మేము కారు ఇచ్చినరోజు తల వంచుకోలేదు, ఫొటోకు నిలబడ్డాం.

భూదానంలోనూ ఇదే జరిగింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడినప్పుడు వినోబా భావేకు దారి కనిపించింది. ఆ దానం మచ్చలేనిది. తర్వాత దేశమంతా లక్షల ఎకరాలు వచ్చాయి. వాటిలో చాలా భాగం రాళ్ళదిన్నెలు, తగాదాల్లో ఉన్నవి, సాగుకు రానివి. మంచి భూమి దక్కిన పేదవాడికి కూడా ఎద్దులు లేవు, విత్తనాలు లేవు, బావి లేదు. ఎకరం కాగితం చేతిలో పెట్టుకుని పొరుగువాడి చేలో కూలికి పోయాడు.

ఇక మోటారు కార్ల కాలానికి వస్తాను. బిర్లాల హిందూస్తాన్ మోటార్స్ 1942లో మొదలై, స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాను తీసుకుని 1957లో అంబాసిడర్‌ను తెచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా మన దేశంలో పెద్దకారు అంటే అదే. ఇంపాలా లాంటి అమెరికా కార్లు మన సినిమాల్లో కనిపించేవి. రాయబార కార్యాలయాలవాళ్ళు వాడి వదిలేసిన విదేశీ కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలం వేసేది. సినిమావాళ్ళు, షావుకార్లు వాటిని కొనేవాళ్ళు. పల్లెదారి వాటికి పడదు. అంబాసిడర్‌కు పడుతుంది. వెనక కమాన్ పట్టీలు, ఎత్తైన ఒళ్ళు, సుత్తీ రెంచీ ఉంటే ఏ చెట్టు కిందైనా విప్పి బిగించగల ఇంజను. డీజిల్ ఇంజను వచ్చాక చెనక్కాయల మండీ షావుకార్లంతా దానికే మారారు.

కారు కోసం ఏళ్ళ తరబడి కాచుకునే రోజులవి. అలాంటప్పుడు పాత కారును దానమివ్వడమనే మాటే లేదు. పదిహేనేళ్ళ బండికీ కొనేవాడుండేవాడు. ప్రభుత్వం తన పాత అంబాసిడర్లను వేలం వేస్తే పాడుకున్నవాళ్ళు వాటిని టాక్సీలుగా, పెళ్ళికార్లుగా తిప్పేవాళ్ళు. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. 1990ల తర్వాత రకరకాల కార్లు వచ్చాయి. అప్పుడు మొట్టమొదటిసారి ఈ పెద్దబండికి ధర పడిపోయింది. ధర పడిపోయాకే మా ఇంట్లో దానమనే ఆలోచన పుట్టిందన్న మాట ఒప్పుకోవాలి. 1995లో అయితే పెదనాన్న ప్రాణంలాంటి ఆ కారును ఎవరికీ ఇచ్చేవాళ్ళం కాదు. ఉత్తరపారాలో 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. చివరి ఏడాది అమ్ముడుపోయినవి రెండు వేల పైచిలుకే. 2017లో ఆ పేరును ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది.

పాత పెద్దకారును ధర్మానికి ఇవ్వడం ఒక పెద్ద ఏర్పాటుగా, దాదాపు వ్యాపారంగా ఎదిగింది అమెరికాలో. అక్కడి మన తెలుగువాళ్ళు చాలామందికి అనుభవమైన సంగతే ఇది. చదువుకోవడానికి పోయిన కుర్రవాడు సీనియర్ల దగ్గర పాత బ్యూయిక్కో, క్యామ్రీయో కొంటాడు. నలుగురు కలిసి సరుకులకు, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు దాంట్లోనే తిరుగుతారు. ఉద్యోగం కుదిరి కొత్తది కొన్నాక, పాతది ఇంటి ముందు నిలబడుతుంది. ఫోను చేస్తే చాలు, లాగుడుబండి వచ్చి పట్టుకుపోతుంది. ధర్మసంస్థ రసీదు పంపుతుంది. ఆ రసీదు చూపిస్తే పన్ను తగ్గుతుంది.

ఆ తగ్గే పన్ను దగ్గరే దానం పక్కదారి పట్టింది. 2004 దాకా, కారు మార్కెట్టు విలువ ఇంత అని దాత తనే లెక్కకట్టి రాసుకునే వీలుండేది. 2000 సంవత్సరానికి 7 లక్షల 33 వేల మంది వాహన దానాల పేరుతో పన్ను మినహాయింపు అడిగారని, ఖజానాకు 65 కోట్ల 40 లక్షల డాలర్లు తగ్గాయని అక్కడి జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 2003 నవంబరులో లెక్క చెప్పింది. ఆ నివేదికలోని ఒక్క ఉదాహరణ నా మనసులోంచి పోదు. ఒక దాత 1983 నాటి ట్రక్కు ఇచ్చి, విలువ 2,400 డాలర్లని రాసుకున్నాడు. వేలంలో అది 375 డాలర్లకు పోయింది. మధ్యవర్తుల ఖర్చులు, ప్రకటనల ఖర్చులు తీసేస్తే మిగిలింది 63. దాంట్లో మధ్యవర్తికి సగం. ధర్మసంస్థ చేతికి వచ్చింది 31 డాలర్ల 50 సెంట్లు. ఆ ఆఫీసువాళ్ళు వెంటపడి చూసిన 54 వాహనాల్లో మూడింట రెండు వంతుల కేసుల్లో దాత చెప్పుకున్న విలువలో నూటికి ఐదుకు మించి సంస్థలకు ముట్టలేదు.

2005 జనవరి 1 నుంచి చట్టం మారింది. 500 డాలర్లకు మించి మినహాయింపు కావాలంటే, సంస్థ ఆ కారును నిజంగా ఎంతకు అమ్మిందో అంతే చూపాలి. మార్కెట్టు విలువ మొత్తం చూపుకోవాలంటే సంస్థ ఆ కారును తన పనికి వాడుకోవాలి, లేదా బాగుచేయించాలి, లేదా ఒక పేదవాడికి ఇవ్వాలి. ఈ మార్పు వచ్చిన ఏడాదే దానాలు మూడో వంతుకు పడిపోయాయి. దాన్ని బట్టి, అంతకు ముందు ఇచ్చినవాళ్ళలో చాలామంది ఇచ్చింది కారునో, రాసుకున్న అంకెనో తేలిపోయింది. అయినా ఆ చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కారు నడుస్తుందా, ఎవరి కోసం నడుస్తుందన్న దాన్ని బట్టి దానానికి విలువ కట్టారు. మన దశబంధం ఆలోచనకు అది ఎంతో దగ్గర.

ఆ ఆలోచనతోనే పనిచేసినవాళ్ళు అక్కడా ఉన్నారు. వెర్మాంట్ రాష్ట్రంలో 1996లో మొదలైన గుడ్ న్యూస్ గరాజ్, మేరీల్యాండ్‌లో 1999లో మొదలైన వెహికల్స్ ఫర్ చేంజ్ పాత కార్లను తీసుకుని, మెకానిక్కులతో సరిచేయించి, ఉద్యోగానికి పోవడానికి దారి లేని పేద కుటుంబాలకు ఇస్తాయి. ఊరికి బస్సు లేనిచోట ఒక తల్లి నెలజీతం ఆ కారు మీదే ఆధారపడి ఉంటుంది. ఇక 2009లో అమెరికా ప్రభుత్వం పాతబండి ఇచ్చి కొత్తది కొనమని 300 కోట్ల డాలర్లు పంచింది. దాదాపు 6 లక్షల 80 వేల బండ్లు వచ్చాయి. వాటిని మళ్ళీ ఎవరూ నడపకూడదని ఇంజన్లలో సోడియం సిలికేటు ద్రావణం పోసి, బిగుసుకుపోయేదాకా తిప్పారు. మంచి ఇంజన్లు కూడా అందులో పోయాయి. పర్యావరణం పేరుతో చేసిన పనే, నేను తప్పుపట్టను. అయినా ఆ వర్ణన చదివిన రోజు మా చింతచెట్టు కింది కారు గుర్తొచ్చింది.

మన దేశంలో లెక్క వేరు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. కారు ఇచ్చినా, బియ్యం ఇచ్చినా, దుప్పట్లు ఇచ్చినా మినహాయింపు లేదు. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు, ఆపైన చెక్కో, బ్యాంకు బదిలీయో కావాలి. కాబట్టి ఇక్కడ కారు ఇచ్చేవాడికి పన్ను ఆశ ఉండదు. ఆ మేరకు మన దానం శుభ్రమైనదే. మనవాళ్ళ ఇబ్బంది కాగితాల దగ్గర వస్తుంది.

మాకు అదే జరిగింది. కారు ఇచ్చేశాం గానీ పేరు మార్పించలేదు. ఆ హాస్టలువాళ్ళు చూసుకుంటారని మేము, మేము చూసుకుంటామని వాళ్ళు. మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి చేతులు మారిన సంగతి అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లోపు ఇచ్చినవాడే తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 నింపాలి. మేము పట్టించుకోలేదు. 2003లో రిజిస్ట్రేషను గడువు తీరింది, ఇన్సూరెన్సు అంతకు ముందే పోయింది. ఆ మధ్యలో ఒకరోజు వాళ్ళు ఆ బండిని పిల్లల కోసం రోడ్డెక్కించి ఉంటే, ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే, బాధ్యత చచ్చిపోయిన మా పెదనాన్న పేరు మీద, మా మీద పడేది. రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, బండి చేతులు మారినా సరే నష్టపరిహారం వాళ్ళే ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పదిహేనేళ్ళు దాటిన కారును మళ్ళీ రిజిస్టరు చేయించడానికి రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ప్రభుత్వ వాహనాలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు నిండగానే రిజిస్ట్రేషను రద్దవుతోంది. 2021 ఆగస్టులో వచ్చిన తుక్కు విధానం కింద అనుమతి ఉన్న కేంద్రంలో పాతబండి అప్పగిస్తే సర్టిఫికెట్ ఇస్తారు, దానితో కొత్తబండి పన్నులో రాయితీ వస్తుంది. మా ఊళ్ళలో ఇప్పటికీ పాతబండి పోయేది గుజిరి అంగడికే. ఏదేమైనా, ముసలికారును ఇచ్చేవాడు ముందు ఆలోచించవలసింది ఇదే. తుక్కు చేసి వచ్చిన డబ్బు సంస్థకు ఇవ్వడం మేలా, కారు ఇవ్వడం మేలా? చాలాసార్లు మొదటిదే మేలు. ఆ మాట చెప్పడానికి దాతకు మనసొప్పదు, అంతే. డబ్బుకు దండ వేసి ఫొటో తీయించుకోలేం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో నిలబడిన మంచిపనులు చూస్తే నిలకడ దేనివల్ల వచ్చిందో కనిపిస్తుంది. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలో పనిచేసి, అక్కడి నుంచి వెళ్ళిపోవాల్సి వచ్చి, 1969లో అనంతపురం చేరాడు. ఆయన, ఆయన భార్య ఆన్ ఫెర్రర్ పెంచిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బడులు, ఇళ్ళు కట్టింది, బత్తలపల్లిలో ఆసుపత్రి పెట్టింది. దాని వెన్నెముక ఏదో పెద్ద దాత ఒక్కరోజు ఇచ్చిన పెద్ద వస్తువు కాదు. స్పెయిన్‌లోని వేలాది మామూలు కుటుంబాలు ఒక్కో పిల్లవాడి పేరున నెలనెలా పంపిన చిన్న మొత్తాలు. ద్రాక్షారామం దీపానికి గొల్లబోయడు రోజూ పోసిన నెయ్యి అలాంటిదే. పుట్టపర్తి సత్యసాయి సంస్థ 1995 ప్రాంతంలో ఈ జిల్లాలో ఏడు వందలకు పైగా పల్లెలకు తాగునీరు తెచ్చింది. ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు గారపట్టిన తరానికి అది ఏమిటో మాటల్లో చెప్పలేం. ఆ పైపుల్లో నీళ్ళు ఇన్నేళ్ళూ రావాలంటే మోటారు కాలిపోయిన ప్రతిసారీ ఎవరో దాన్ని చుట్టించాలి, నడిపేవాడికి నెలనెలా జీతం అందాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు మొదలైంది. కొన్నేళ్ళలో ఆ తెల్లబండి మా ఊళ్ళకూ వచ్చింది. డీజిలుకు, డ్రైవరుకు, లోపల కూచునే మనిషికి నెలనెలా ప్రభుత్వం డబ్బు పెట్టే బండి అది. అది వచ్చాక అర్ధరాత్రి "అన్నా, బండి తీయల్ల" అని ఎవరి వాకిట్లోనూ పిలవాల్సిన అవసరం లేకపోయింది. పెదనాన్న బతికి ఉంటే ఎంతో తృప్తిపడేవాడు. పదమూడేళ్ళు ఆయన ఒక్కడూ తన డీజిలుతో చేసిన పనిని ఇప్పుడు ఒక రాష్ట్రం చేస్తోంది. అన్నాళ్ళూ ఆ అంబాసిడర్‌కు దశబంధం ఆయనే. ఆయన పోయాక మేము కారును ఇచ్చాం, ఆయన చోటును ఖాళీగా వదిలేశాం.

రెండేళ్ళ కిందట బెంగళూరులో ఉండే మా తమ్ముడు తన పాత టయోటా కొరోల్లాను ఎక్కడైనా మంచిచోట ఇవ్వమన్నాడు. మండలంలో ఒక వృద్ధాశ్రమం ఉంది. ఆసుపత్రికి పోవాలంటే ముసలివాళ్ళను ఆటోలో కుదుపుల మధ్య తీసుకుపోతున్నారు. ఈసారి నేను టెంకాయ కొట్టే ముందు కాగితాలు పట్టుకుని కూచున్నాను. కర్ణాటక ఆర్టీవో దగ్గర ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్ళీ జీవితకాలపు పన్ను, ఆశ్రమం పేరు మీద రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు. మూడు నెలలు పట్టింది. తమ్ముడు విసుక్కున్నాడు. "అన్నా, కారు ఊరికే ఇస్తా ఉంటే ఇంత పనా?" అన్నాడు. పన్ను డబ్బు తనే కట్టాడు.

తర్వాత మా దాయాదులం ముగ్గురం ఒక కాగితం రాసుకున్నాం. బండి ఆ ఆశ్రమంలో తిరిగినంత కాలం, ఏటా మా మూడు కుటుంబాల చెనక్కాయలో పది మూటలకు ఒక మూట ధర బండి ఖాతాలో వేయాలి. పెట్రోలు, టైర్లు, ఇన్సూరెన్సు ఆ ఖాతాలోంచే. డ్రైవరు జీతం తమ్ముడు నెలనెలా పంపుతాడు. కాగితం మీద తేదీ వేసి, కింద దశబంధం అని రాశాను. మా చిన్నాయన కొడుకు ఆ మాటకు అర్థం అడిగితే, చెరువుగట్టు చూపించాను.

మొదటి ఏడాది ఖాతాలో మూటలు బాగానే పడ్డాయి. నిరుడు ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. మా ముగ్గురి చేలూ కలిపి పది మూటలు కూడా కాలేదు. నవంబరులో ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది, వెనక టైర్లు రెండూ అరిగిపోయాయని. చిన్నాయన కొడుకు తన రెండు పొట్టేళ్ళను అనంతపురం సంతకు తోలుకుపోయాడు. సాయంత్రానికి టైర్లు డిక్కీలో వేసుకుని బస్టాండు దగ్గర నాకోసం కాచుకుని ఉన్నాడు.